ఆడి క్యారేజీ

"ఎనక్కొచ్చీ బావా! బోట్లన్నీ హార్బరుకి ఎల్లిపోతన్నాయి" అన్నాడు బావమరిది వీరేంద్ర వైర్‌లెస్ సెట్టులో.

"ఉమామహేషు దొరక్కుండా నాను రాను. మీ అప్ప ఈ రోజు కూడా ఆడికి క్యారేజీ కట్టింది. ఆకలి మీదుంటాడు" అన్నాడు జగ్గయ్య.

నాలుగు రోజుల కిందటి తుఫానుకి బోల్తాపడిన కొడుకు పడవ దొరికింది గానీ, వాడు దొరకలేదు. స్టీలు ప్లాంటు పొగ కూడా కనపడనంత దూరంలో జగ్గయ్య ఒంటరిగా వెతుకుతున్నాడు.

అతని పడవ పక్కనే నీళ్ళు ఉబ్బి, కొండలాంటి తిమింగలం లేచింది. దాని తల మీద పిల్ల. తల్లి పైకెత్తుతోంది, పిల్ల జారిపోతోంది. తల్లి మునిగి మళ్ళీ ఎత్తుతోంది. పిల్ల ఒళ్ళు అప్పటికే తెల్లగా పాలిపోయి, తోలు ఊడిపోతోంది.

"ఒగ్గీ తల్లీ, సచ్చిపోనాది. ఇంకెన్నాళ్ళు మోస్తావు?" అన్నాడు జగ్గయ్య.

అనేశాక ఆ మాట తనకే తగిలింది.

తర్వాత కొడుకు క్యారేజీ మూత తీశాడు. అన్నం ముద్దలు చేసి, ఒక్కొక్కటే నీళ్ళలో వదిలాడు.

"బావా, ఏటి సేత్తన్నావ్?" సెట్టు అరిచింది.

తిమింగలం ఇంకా ఎత్తుతూనే ఉంది. జగ్గయ్య పడవని ఒడ్డు వైపు తిప్పాడు.

"వొస్తన్నాను. మీ అప్పకి సెప్పు, రేపట్నించి నా ఒక్కడికే కట్టమని."