మూడో జత

"తుపాకి ఏ రకం?" అడిగింది హిల్కా.

"తుపాకి లేదు," అన్నాడాయన.

బ్యాటరీతో నడిచే చెవితొడుగులు చూపించమని అడిగి, తుపాకి లేదన్న మనిషిని వేటసామాన్ల కొట్లో ముప్పై ఏళ్లుగా కూర్చున్న హిల్కా ఇంతవరకూ చూడలేదు.

అసలే ఆమె మనసు మనసులో లేదు. ఉస్వా తప్పిపోయి రెండు రోజులు. కొట్టు తలుపుకి దాని ఫొటోతో కాగితం కూడా అంటించింది.

ఉస్వా పదకొండేళ్ల వేటకుక్క. పోయిన భర్త చేతుల్లో పెరిగింది. ఆయన పోయాక ఆ ఇంట్లో హిల్కాతో పాటు ఊపిరి పీల్చేది అదొక్కటే. మూస్ దుప్పుల వేటకని ఊరివాళ్లు తీసుకెళ్లారు. మెడపట్టీలోని జాడ చెప్పే యంత్రం ఆగిపోయింది. వేటగాళ్లు తిరిగొచ్చారు, కుక్క చిత్తడి అడవిలోనే ఉండిపోయింది.

"మొరిగితే వినపడదా తౌనో?" అని ఆమె వేటపెద్దను అడిగింది.

"నలభై ఏళ్లు తుపాకి మోత విన్న చెవులు, హిల్కా. పెళ్లాం పక్కనే కూర్చుని తిట్టినా వినపడదు. నాకు మిగిలిన సుఖం అదొక్కటే," అన్నాడు తౌనో.

హిల్కా నవ్వలేదు.

ఇప్పుడు ఈయన. పేరు ఆర్మస్ అట. వసంతంలో వచ్చి సరస్సు అవతల గుడిసెలో దిగాడు. అంతకు మించి ఊళ్లో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు.

"ఇవి తుపాకి మోతను ఆపడానికండీ," అంది హిల్కా.

"చిన్న శబ్దాన్ని పెద్దది చేస్తాయి కదా?"

"చేస్తాయి."

"ఎంత చిన్నదాన్ని?"

ఆమె పెట్టె తిప్పి వెనక రాసింది చూసింది.

"మీరు అటు చివర, గేలాల దగ్గర నిలబడండి. వీపు నావైపు పెట్టి మెల్లగా ఏదైనా అనండి," అన్నాడు ఆర్మస్.

పని లేనివాడు దొరికాడు అనుకుంటూ వెళ్లింది.

మొదటి జత. "వానొస్తుంది," అంది.

"గరగరే తప్ప మాట తెలీలేదు," అన్నాడు.

రెండో జత. "కాఫీ చల్లారింది," అంది.

"వినపడింది. ఎటునుంచి వచ్చిందో తెలీడం లేదు."

"దానికి మైకు ఒకటే. రెండు చెవులకీ మైకులున్నవి అవిగో, ఎర్రపెట్టెలో."

మూడో జత పెట్టుకున్నాడు. ఈసారి ఏమనాలో హిల్కాకు తోచలేదు. రెండు రోజులుగా నాలుక మీద ఆడుతున్న మాటే జారిపోయింది.

"ఉస్వా."

తనకే సరిగా వినపడలేదు.

ఆయన తొడుగులు మెల్లగా తీశాడు.

"ఇవే ఇవ్వండి," అన్నాడు. "వానలో తడిస్తే?"

"తడిసినా పాడవవు."

"తియ్యకుండా వేసి ఉంచితే?"

"ఇంకో జత బ్యాటరీలు తీసుకోండి. ఇంతకీ తుపాకి లేకుండా ఏం వేట? పిట్టల పాటలు వింటారా?"

"వింటాను," అన్నాడు ఆర్మస్.

మూడో నాడు పొద్దున హిల్కా తలుపు తీసింది. మెట్ల మీద మూతపెట్టిన బకెట్టు. అందులో మూస్ మాంసం. బకెట్టు తౌనోది. పక్కనే కమ్మీకి తాడుతో కట్టి, ఉస్వా. ఎముకలు తేలి ఉంది. ముందుకాలికి గుడ్డ చుట్టి ఉంది.

మధ్యాహ్నానికల్లా యాలకుల బన్నులు చేసి తౌనో ఇంటికి పట్టుకెళ్లింది.

"మెట్ల దగ్గర పెట్టి చప్పుడు లేకుండా వెళ్లిపోయావు. ఈ మేలు మరిచిపోను," అంది.

తౌనో నేలచూపులు చూశాడు. "అయ్యో, దానిదేముంది," అన్నాడు.

ఆ ఊళ్లో ఎవరికి ధన్యవాదం చెప్పినా నేల చూసి ఆ మాటే అంటారు. అగ్గిపుల్ల ఇచ్చినా అంతే, ప్రాణం నిలబెట్టినా అంతే.

వారం తిరిగాక ఆర్మస్ కొట్లోకొచ్చాడు. ఎర్రపెట్టె బల్ల మీద పెట్టాడు.

"వీటితో పని అయిపోయింది. ఇంకెవరికైనా..."

"వాడినవి వెనక్కి తీసుకోం. ఇదేం అద్దెకొట్టు కాదు."

"వెనక్కని కాదు..."

"ఆ బురద చూడండి! వీటితో పంట పండించారా?"

ఆయన పెట్టె చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"కుక్క తింటోందా?"

"ఊరంతా అడిగేశారు, మీరొక్కరే మిగిలారు. ఇంట్లో పడుకుంది. తింటోంది."

"మంచిది."

పొయ్యి మీద కాఫీ కాగుతూనే ఉంది. కాఫీ పొయ్యకుండా పంపితే ఆ ఊళ్లో గెంటేసినట్టే లెక్క. హిల్కా పొయ్యలేదు.

మార్చి నెల. ఇళ్ల కప్పుల మీద మంచు ఇంకా కరగలేదు. తౌనో అదే ఎర్రపెట్టె పట్టుకుని కొట్లోకొచ్చాడు.

"సరస్సు అవతలాయన పోయాడు. ఆసుపత్రిలో. నావాళ్లంటూ ఒక్క పేరూ రాయలేదట. గుడిసె ఖాళీ చేస్తుంటే ఇది దొరికింది, మీద నీ కొట్టు చీటీ ఉంది."

హిల్కా తొడుగులు బయటికి తీసి మీట తిప్పింది. కుయ్‌మని సన్నటి చప్పుడైంది.

పొయ్యి దగ్గర పడుకున్న ఉస్వా లేచింది. ఈమధ్య అది ఎవరొచ్చినా లేవడం లేదు. కుంటుకుంటూ వచ్చి తొడుగుల మెత్త మీద మూతి ఆనించి మూలిగింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్లి, ఎవరో రావాల్సి ఉన్నట్టు నిలబడింది.

"ఇదేంటి, ఆయన్ని ఎరిగినట్టుంది?" అన్నాడు తౌనో.

"ఎరగడమేంటి? అడవిలోంచి దీన్ని తెచ్చింది నువ్వు కదా?"

"నేనా? నేను మాంసం పెట్టి వెళ్లాను. అప్పటికి మెట్ల దగ్గర ఏ కుక్కా లేదు."

హిల్కా కప్పు తీసి నిండా కాఫీ పోసి బల్ల మీద పెట్టింది. తౌనో చెయ్యి చాపాడు.

"అది నీకు కాదు," అంది.

అటు చివర గేలాల దగ్గరికి వెళ్లి, వీపు ఇటు పెట్టి, ఆ రోజుకన్నా మెల్లగా ఒక పేరు పిలిచింది. ఈసారి అది ఉస్వా పేరు కాదు.