నగలపెట్టె

ఆరు గంటల బెల్లు ఇంకా మోగుతూనే ఉంది. నగలపెట్టె అప్పుడే గేటు దగ్గర వరసలో అందరికంటే ముందు నిలబడ్డాడు.

వెనకాల ఉన్న కొత్తమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

నగలపెట్టె అంటే ఆ గొలుసుల ఫ్యాక్టరీలో బంగారం కరిగించే మేస్త్రీ. యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. జీతం అందడమే ఆలస్యం, ఏదో ఒక నగ కొనుక్కుని ఒంటిమీద వేసుకొచ్చేవాడు.

నాలుగు నెలల కిందట కొత్తమ్మాయి పాలిష్ పనిలో చేరేనాటికి ఆయన వేళ్ళకు నాలుగు ఉంగరాలు. తర్వాత మెడలో గొలుసు వచ్చింది. ఆ పైన చేతికో కడియం. పోయిన నెల ఏకంగా చెవులు కుట్టించుకుని పోగులతో దిగాడు. ఈ వయసులో ఇదేం పిచ్చో!

సోకు ఆయనది, శిక్ష మిగతా అందరికీ. సొంత నగ పెట్టుకొచ్చినవాళ్ళు ఇంటికెళ్ళేటప్పుడు ఒక్కొక్కటే తీసి తూకం వేయించుకోవాలి. సోదా మేడం తూచాలి, గుమాస్తా రాయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. అంతవరకూ వెనక ఎవరూ కదలడానికి లేదు.

"ఈ ఉంగరం రావట్లేదండీ, కాస్త సబ్బు ఇప్పిస్తారా?" అన్నాడు మేస్త్రీ తాపీగా.

"పొద్దున ఎక్కిన ఉంగరం సాయంత్రం దిగదా?" సోదా మేడం విసుక్కుంది.

"కొలిమి దగ్గర పని కదమ్మా, వేళ్ళు ఉబ్బుతాయి."

ఆరుంపావు బస్సు గేటు ముందునుంచే వెళ్ళిపోయింది. పోయిన నెలదాకా కొత్తమ్మాయి ఎలాగో పరిగెత్తి దాన్ని అందుకునేది. చెవిపోగులు వచ్చాక అదీ పోయింది. ఆమె రెండేళ్ళ కూతుర్ని చూసుకునే ఆయా ఆరున్నరకి తాళం వేసుకుంటుంది. "వచ్చే వారం కూడా ఇలాగే ఆలస్యమైతే పిల్లని తేవద్దు" అని నిన్ననే తెగేసి చెప్పింది. పిల్లని చూసే దిక్కు లేకపోతే పనికి రావడం ఎలా?

"మనం చేసే గొలుసు మన మెళ్ళో ఒక్కటి లేదు. ఈయనకేమో పెళ్ళికొడుకు షోకులు! నువ్వైనా అడగవేం పెద్దక్కా?"

ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న పెద్దక్క నేలచూపులు చూసింది.

"బస్సు పోతే పోయింది. ఊరుకోవే."

ఆరున్నరకి బయట కంపెనీ వ్యాన్ హారన్ కొట్టింది. సోదా మేడం అందులోనే ఇంటికెళ్ళాలి. ఆఖరి సంతకం గీకేసి, "పొండి, పొండి" అంటూ ఆడవాళ్ళందర్నీ ఒక్క ఊపున బయటికి తోలేసింది.

మర్నాడు కొత్తమ్మాయి ఫిర్యాదు రాసింది. పాతవాళ్ళు ఒక్కరూ సంతకం పెట్టలేదు. వాళ్ళ పిరికితనానికి ఒళ్ళు మండి, ఒక్కతే వెళ్ళి మేనేజరు బల్లమీద పెట్టింది. ఆయన ఆమెకు దూరపు చుట్టం, ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

మధ్యాహ్నానికల్లా మేనేజరు మేస్త్రీని పిలిచాడు.

"నగలైనా మానెయ్, పనైనా మానెయ్."

మేస్త్రీ చేతి కడియాన్ని ఒకసారి తడుముకున్నాడు.

"పనే మానేస్తానండీ."

కొత్తమ్మాయి ముక్కున వేలేసుకుంది. సోకు కోసం అన్నం పెట్టే ఉద్యోగాన్ని కాలదన్నుకున్న మనిషిని చూడటం ఆమెకు అదే మొదలు.

వెళ్తూ వెళ్తూ ఆయన ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"ఇక బస్సు అందుతుందిలే తల్లీ. అయినా బస్సు పోతే పోనీ, వరసలో మాత్రం వెనక నిలబడు."

"ఎక్కడ నిలబడాలో నాకు తెలుసు" అంది ఆమె తలెత్తకుండానే.

మర్నాడు సాయంత్రం బెల్లు కొట్టగానే అందరికంటే ముందు నిలబడింది.

గేటు పక్క చిన్న గదికి ఆకుపచ్చ తెర ఒకటుంది. అది దేనికో ఆమె ఎప్పుడూ అడగలేదు. సోదా మేడం ఆ తెర పక్కకి లాగింది.

"లోపలికి రా. జడ విప్పు. జాకెట్టు తియ్."

"ఎందుకు?"

"తియ్యమన్నానా! మీరు బంగారం ఎక్కడెక్కడ దాస్తారో నాకు తెలీదా?"

తెర అవతల మగవాళ్ళు జేబులు తిరగేసి చూపించి, కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళిపోతున్నారు.

బయటికొచ్చాక ఆమె జడ కూడా అల్లుకోలేదు. బస్‌స్టాపులో అలాగే నిలబడిపోయింది. కాసేపటికి పెద్దక్క కూడా జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.

"ఇది రోజూనా?"

"ఇదివరకు రోజూ. వ్యాన్ వచ్చేదాకా మేడంని ఆయన తూకం దగ్గర కట్టిపడేయడం మొదలెట్టాక మాకీ బాధ తప్పింది. వ్యాన్ పావుగంట ఆలస్యంగా రావడం మొదలైన వారంలోనే ఆయన చెవులు కుట్టించుకున్నాడు."

"నాకొక్క మాట చెప్పొద్దూ!"

"మేనేజరు చుట్టానివి. నీకు చెబితే ఆయనదాకా పోదని ఎలా నమ్మమంటావ్?"

కొత్తమ్మాయికి మేనేజరు మీద, మేడం మీద, అందరికంటే ఎక్కువగా తన మీద తనకే నిలువెల్లా మండిపోయింది.

"ఆయన గదికి పోదాం పద. ఇప్పుడే."

"పొద్దున్నే ఖాళీ చేశాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"అసలు ఈ దిక్కుమాలిన సోదా ఎప్పుడు పెట్టారు?"

"నాలుగేళ్ళయింది. చిన్న బంగారం ముక్క కనపడలేదు. ఆడవాళ్ళే తీశారన్నారు. మూడోనాడు దొరికింది."

"దొరికాక కూడానా?"

"'ఎలాగూ మొదలుపెట్టాం కదా, ఉండనీ' అన్నాడు మీ మేనేజరు."

"ఎక్కడ దొరికింది?"

బస్సు వచ్చి ఆగింది. సరిగ్గా టైముకే వచ్చింది. పెద్దక్క మెట్టుమీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"మేస్త్రీ కళ్ళజోడు పెట్టెలోనే. పోయిందని ఫిర్యాదు రాసిందీ ఆయనే."