పక్క సీటు

"ఇక్కడి నుంచి ఇక్కడికి కోసెయ్" అన్నాడు ప్రేమ్‌చంద్.

వెల్డింగ్ షాపు గంగరాజు, అతను తెచ్చిన బండి మీది ఇనప ఫ్రేమ్‌కి సుద్దముక్కతో గీత పెట్టాడు.

అది తోటల్లో తిరిగే నాలుగు చక్రాల బండి. ముందు రెండు సీట్లు, వెనక మందు డబ్బాలు పెట్టుకునే తొట్టి, పైన పైపుల ఫ్రేమ్. రెడ్డిగూడెం చుట్టుపక్కల ఇలాంటి బండి కొన్నవాళ్లు ముందు చేసే పని ఆ ఫ్రేమ్ కోయించడమే. కాపు మీదున్న కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. ఫ్రేమ్ తగిలిందంటే కాయలు రాలిపోతాయి. మామిడి రైతుకి తన తల కంటే చెట్టు మీది కాయే ముఖ్యం మరి.

"కొయ్యకండి బాబూ."

షాపు ముందు బస్సు కోసం నిలబడ్డ ముసలాయన. తెల్ల పంచె, భుజాన తువ్వాలు.

"మీరెవరండీ?"

"దశరథరామయ్య అంటారు. మాది జి. కొండూరు. అది ఉంటేనే మంచిదండీ."

"మంచిదేలెండి. రాలిన కాయలు మీరొచ్చి అతికిస్తారా?"

గంగరాజు నవ్వాడు. ముసలాయన నవ్వలేదు.

"రాలకుండా చూస్తాను. రోజూ వచ్చి పక్క సీట్లో కూర్చుని కొమ్మలు ఎత్తిపడతాను. కూలీ ఏమీ వద్దు. అది మాత్రం కొయ్యకండి."

పిచ్చివాడేమో అనుకున్నాడు ప్రేమ్‌చంద్. ఊరికే వచ్చే మనిషిని కాదనడం ఎందుకని, తోట గుర్తులు చెప్పి బండి వెనక్కి తిప్పాడు.

తెల్లవారి మొదటి బస్సుకే ముసలాయన తోట గేటు దగ్గర దిగాడు. చేతిలో పంగల కర్ర. కాయకి గీరుకోకుండా పంగకి పాత తువ్వాలు చుట్టి ఉంది.

బండి చెట్ల వరసల మధ్య వెళుతుంటే ఆయన కర్రతో కొమ్మని పైకెత్తేవాడు. బండి దాటాక మెల్లగా దించేవాడు. రెండో చేత్తో ఫ్రేమ్ పైపుని గట్టిగా పట్టుకునేవాడు. గతుకు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకునేవాడు.

"సరదాగా ఉందా?" అన్నాడొకసారి ప్రేమ్‌చంద్.

"ఉందండీ. మీరు బెల్టు పెట్టుకోండి."

రోజూ అదే మాట. ఆయన పోరు పడలేక ప్రేమ్‌చంద్‌కి బెల్టు అలవాటైపోయింది. ముసలితనంలో బండి మోజు పట్టుకుందని, మధ్యాహ్నం భోజనం కూడా కలిసొస్తోందని మనసులో నవ్వుకునేవాడు.

నిజానికి కలిసొచ్చింది ప్రేమ్‌చంద్‌కే. భార్య పార్వతి పోయినప్పటి నుంచి అతను తోటలో రేకుల షెడ్డులో ఒక్కడే ఉంటున్నాడు. ఒక్కరికి ఒక్క సీటు బండి చాలదా అని షోరూమ్‌లో అడిగితే, వెనక తొట్టి కావాలని చెప్పి తప్పించుకున్నాడు. తీరా కొన్నాక పక్క సీటు ఖాళీగా కనిపిస్తే చూడలేక దాని మీద ఎరువు బస్తా పెట్టుకుని తిరిగేవాడు. ఇప్పుడు అక్కడ మనిషి ఉన్నాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. అయినా మధ్యాహ్నం రెండు కంచాలు కడుక్కోవడం బాగుండేది.

ఒక సాయంత్రం ముసలాయన బండి దిగుతూ ఆగాడు.

"ఒంట్లో నలతగా ఉందండీ. రేపు రాలేనేమో. ఫ్రేమ్ మాత్రం..."

"సరేలెండి, కొయ్యను."

మర్నాడు ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ నంబరు తీసుకున్నదీ లేదు. కర్ర పక్క సీట్లోనే పడి ఉంది.

ప్రేమ్‌చంద్ రోజూ బస్సు వచ్చే వేళకి గేటు దగ్గరికి వెళ్లేవాడు. రెండు కంచాలు పెట్టుకుని, ఒకటి మళ్లీ గూట్లో పెట్టేసేవాడు. చివరికి కోపం వచ్చింది. మోజు తీరిపోయింది, మానేశాడు అనుకున్నాడు. మరోవైపు ఫ్రేమ్ తగిలి చిన్న రసాలు టపటపా రాలుతున్నాయి.

గంగరాజుకి ఫోన్ చేశాడు.

"రేపు బండి తెస్తున్నా. కోసెయ్."

"తీసుకురండి."

ఆ సాయంత్రమే వాగు గట్టు మీద మలుపు తిప్పుతుంటే వెనక చక్రం కింద మట్టి జారింది. బండి ఒరిగి, పల్టీ కొట్టింది.

కళ్లు తెరిచేసరికి ప్రేమ్‌చంద్ బెల్టుకి తలకిందులుగా వేలాడుతున్నాడు. తలకీ వాగులో రాళ్లకీ మధ్య జానెడు ఎడం ఉంది. ఆ ఎడం నిలబెట్టింది ఫ్రేమే. వంగిన పైపు మీద గంగరాజు పెట్టిన సుద్దగీత మసకగా కనిపిస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఒక బుట్ట పళ్లు, ఆ పంగల కర్ర పట్టుకుని జి. కొండూరు వెళ్లాడు. వాళ్లనీ వీళ్లనీ అడిగి ఇల్లు పట్టుకున్నాడు. గుమ్మంలోకి ఒకామె వచ్చింది.

"దశరథరామయ్య గారు ఉన్నారా అమ్మా?"

"మామయ్యగారు పోయి వారం దాటిందండీ. గుండెపోటు. నేను ఆయన కోడల్ని, ఉమని. మీరెవరండీ?"

ప్రేమ్‌చంద్ బుట్ట గుమ్మం పక్కన దించాడు. పెరట్లో సగం పట్టా కప్పిన బండి కనిపించింది. అచ్చం తన బండి లాంటిదే. రెండు సీట్లు. పైన ఫ్రేమ్ లేదు, కోసిన మొదళ్లు మాత్రం ఉన్నాయి.

ఉమ కూడా అటు చూసింది.

"నిరుడు గట్టు మీద అది పల్టీ కొట్టి మా ఆయన పోయారండీ. కాయలు రాలుతున్నాయని పైన కోయించింది మామయ్యగారే."

ఎందుకు కొయ్యొద్దంటున్నారని ఒక్కసారైనా అడగలేదే అనుకున్నాడు ప్రేమ్‌చంద్. పక్కనే కూర్చున్న మనిషిని ఇంట్లో ఎవరెవరున్నారని కూడా అడగలేదు.

"మా తోటకి వచ్చేవారమ్మా. రోజంతా నా పక్కనే కూర్చుని తిరిగేవారు. బండంటే చాలా సరదా ఆయనకి."

ఉమ కర్ర అందుకుంది. పంగకి చుట్టిన తువ్వాలు గుర్తుపట్టి, దాన్ని చేత్తో తడిమింది.

"రోజూ పొద్దున్నే ఎక్కడికో వెళ్లేవారు. ఎక్కడికని అడిగితే చెప్పేవారు కాదు" అంది.

తువ్వాలు మీంచి చెయ్యి తియ్యకుండానే మళ్లీ చెప్పింది.

"అలాంటి బండి చప్పుడు రోడ్డు మీద వినపడినా మామయ్యగారికి ఒళ్లంతా వణుకొచ్చేసేదండీ."