సున్నా లీటర్లు

చల్లబడటానికి మా ప్లాంటు నీళ్లు తాగడం మానేసి మూడేళ్లయింది. ఇప్పుడు నూట అరవై పంకాలు దాని వేడినంతా బయటికి ఊదేస్తున్నాయి. ఆ గాలి నేరుగా కార్మికుల కాలనీ మీదికే వస్తుంది.

మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లేముందు ఆ కాలనీలోని తన ఇంట్లో ఓదెలు ఎప్పటిలాగే దుప్పట్లు బకెట్లో ముంచి, పిండి, కిటికీలకు కట్టాడు. ఆఖరిది కట్టేసరికి మొదటిది ఆరిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు.

ఒళ్లంతా చెమటకాయలతో ఏడుస్తున్న చంటిదాన్ని భుజాన వేసుకుని భార్య స్వరూప డ్రమ్ములోకి తొంగి చూసింది.

"దుప్పట్లకే ఐదు బకెట్లు పాయె. పిల్లకు తానం పోద్దామంటే చెంబెడు గూడ లేవు."

"సాయంత్రం ట్యాంకరొస్తది గదా."

"గేటు కాడ బోర్డు రాసేది నువ్వే గదా. మరి ఈ ఐదు బకెట్లు యాడ రాస్తవు?"

ఓదెలు మిగిలిన దుప్పటి కట్టి, చొక్కా తొడుక్కుని, వీధి చివరనున్న ప్లాంటు గేటు దాకా నడిచాడు. 'ప్లాంటు చల్లదనానికి ఈరోజు వాడిన నీళ్లు' అని అక్కడ పెద్ద బోర్డు ఉంది. షిఫ్టెక్కగానే దాన్ని నింపడం అతని మొదటి పని.

నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లతో సుద్దముక్క పట్టుకుని, నిన్నటి సున్నా తుడిచి, ఇవాళ్టి సున్నా చుట్టాడు.