పోలండ్ పార్టీ

"అడ్వాన్సు పడేదాకా ఒక్క బొమ్మకి కూడా కళ్ళు దిద్దను," అన్నాను కుంచె పక్కన పడేసి.

మా కొండపల్లిలో కళ్ళు దిద్దితేనే బొమ్మ పూర్తయినట్టు. ఇంట్లో ఆ పని నాదే.

"పూర్తయిన బొమ్మలు వీడియోలో చూపిస్తేనే అడ్వాన్సు వేస్తాడట ఆ పోలండ్ కొట్టతను," పళ్ళు కొరికింది నా కూతురు సత్యశ్రీ.

"మొహమైనా ఎరగనివాడికి మూడు నెలల పని కట్టబెడతావా? సరుకందాక ఎగ్గొడితే ఏ స్టేషన్‌కి పోతామే? రోడ్డున పడతాం!"

"ఆన్‌లైన్‌లో మనల్ని చూసి పై దేశం నుంచి వచ్చిన మొదటి పార్టీ అమ్మా! నీ ఏడుపుతో ఇదీ పోయేలా ఉంది. కాసేపు నోరు మూసుకో!"

నన్ను పక్కకు నెట్టి వీడియో కాల్ కలిపింది. ఎర్రజుట్టు కుర్రాడొకడు కనిపించాడు. అతని వెనక నిలబడి ఒక పెద్దావిడ ఒకటే అరుపులు. అతను ఆగమన్నకొద్దీ ఆవిడ గొంతు పెరిగింది. ఉన్నట్టుండి అతని చేతిలోని బ్యాంకు కార్డు లాక్కుని, మా వైపు వేలు చూపించింది.

"ఎవరే ఆవిడ?"

"వాళ్ళమ్మని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ ఏమంటోందో, ఆ భాష నాకేం తెలుసు?"

"నాకు అర్థమైందిలే. మనం దొంగలమంటోంది."

"మనమా?" సత్యశ్రీకి చర్రున కోపం వచ్చింది.

"అననీ. పొద్దుట్నుంచీ నేను వాళ్ళని అంటున్నదీ అదేగా. ఫోనిటివ్వు. ఆ అబ్బాయిని తప్పుకోమను. ఆవిడతో నేను మాట్లాడతాను."