హోంవర్కుకి ఇచ్చిన అధ్యాయం

కథలు రాయడం నేర్పే కాలేజీలో చేరింది ఉప్పాడ పిల్ల ప్రణవి. అప్పటికి కథలన్నీ మిషన్లే రాస్తున్నాయి. పిల్లలు హోంవర్కుగా నాలుగు పేజీలు మొదలెట్టి ఇస్తే చాలు, మిగతాది మిషనే అల్లేసి సాయంత్రానికల్లా ఇంటింటికీ పంపేది. అలా ముగిసిన కథని మళ్ళీ ఎవరూ రాయకూడదని రూలు.

ప్రణవికి మాత్రం తన మొదటి నవల తన చేత్తోనే ముగించాలని పంతం. చేపల గంప మోసి తనని చదివించిన మేనత్త కథ అది. రోజూ తెల్లారగట్లే లేచి, క్లాసు వేళదాకా నోటుబుక్కులో రాసుకునేది. మూడేళ్ళకి పదకొండు అధ్యాయాలయ్యాయి.

ఒక వారం జ్వరమొచ్చి హోంవర్కు చెయ్యలేకపోయింది పిచ్చితల్లి. మాస్టారు కసురుతారని భయపడి, నవల్లో మొదటి అధ్యాయం చింపి ఇచ్చేసింది. ఒక్కటేగా, మిషను దాంతో చిన్న కథేదో అల్లుకుంటుందిలే అనుకుంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"ఒసే, నీ నవల వచ్చిందే! మీ అత్తకి చదివి వినిపించా. అచ్చం నేనే అంటూ ఒకటే ఏడుపు."

"మొత్తం వచ్చేసిందా అమ్మా?"

"ఆఖరుదాకా వచ్చింది. ఎంత బాగా ముగించావే తల్లీ!"

ఆ ముగింపు కోసం ఏడాదిగా వెతుకుతోంది ప్రణవి.

"అమ్మా," అంది, "కథలో అత్త చివరికి ఏమైందో కాస్త చెప్పవూ?"