గుండీలాయన

"ఒక్క గుండీ కుట్టాలండీ" అంటూ ఆయన సంచిలోంచి చొక్కా తీసి బల్ల మీద పెట్టాడు.

టైలరుకి విసుగొచ్చింది. మొన్న కాలరు గుండీ, నిన్న చేతి గుండీ, ఇవాళ ఛాతీ గుండీ. ఈ మహానుభావుడి చొక్కాలన్నీ కూడబలుక్కుని సమ్మె చేస్తున్నట్టున్నాయి.

"మీ ఇంట్లో సూదీ దారం లేవా?"

"ఉన్నాయి. కుట్టేవాళ్ళే లేరు" అన్నాడాయన కళ్ళజోడు సర్దుకుంటూ. ఎవరూ కూర్చోమనకుండానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆయన వచ్చేది సరిగ్గా వీధి దీపాలు వెలిగే వేళకి. ఒకప్పుడు టైలరు మిషను మీద గుడ్డ కప్పేసి, వీధి చివర బారుకి పరుగెత్తే వేళ అది.

ఇప్పుడా పరుగు లేదు.

పొట్ట తగ్గడానికి డాక్టరమ్మ వారానికో ఇంజెక్షన్ రాసింది. "ఇది బరువు కోసమేనండీ. తాగుడు మీద యావ కూడా తగ్గిందని కొందరు చెబుతున్నారు. మీకూ తగ్గుతుందని నేను మాటివ్వలేను, చూద్దాం" అంది.

చూశాడు. ముందు తిండి మీద యావ తగ్గింది. తర్వాత ఓ సాయంత్రం బారులో సగం గ్లాసు అలాగే వదిలేసి లేచొచ్చాడు. ఆపైన అటు వెళ్ళాలనే అనిపించలేదు. ఇన్నేళ్ళూ నెత్తినెక్కి తొక్కిన పిశాచం ఇంత మర్యాదగా దిగిపోయిందేమిటా అని వాడికే ఆశ్చర్యం!

తగ్గనిది ఒక్కటే, భార్య మీద బెంగ.

ఆమె పుట్టింటికి వెళ్ళిపోయి ఏడాది దాటింది. విడాకుల వాయిదా దగ్గర పడుతోంది. ఫోను చేసి "మానేశానే, నీ మీద ఒట్టు" అంటే, "మీ ఒట్లు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి" అని పెట్టేస్తోంది. ఆమెననడానికేముంది? ఉన్న ఒట్లన్నీ తాగొచ్చిన రోజుల్లోనే వాడేశాడు. తీరా నిజంగా మానేశాక నమ్మేవాళ్ళు లేరు.

"మీ చొక్కా మీకే గోనెసంచిలా వేలాడుతోంది. టైలరై ఉండి బిగించుకోరేం?" అనడిగాడు గుండీలాయన.

"బిగించను. ఆవిడ రావాలి. 'ఇదేంటి, ఇలా చిక్కిపోయారు' అని ఆవిడ నోటితో అనాలి. అప్పుడు చూద్దాం."

ఆయన స్టూలు కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"మొన్న మీరు చెప్పిన ఆ ఇంజెక్షన్ వేసుకుంటే... మనిషి మీద ఆశ కూడా తగ్గుతుందా?"

"భలేవారే! అదీ తగ్గితే ఇంకెందుకండీ బతకడం?" టైలరు నవ్వబోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గుమ్మంలో ఎవరి నీడ పడినా ఆవిడే అనుకుని తలెత్తుతాను. తీరా చూస్తే మీరు!"

గుండీ కుడుతూ టైలరు చొక్కాకేసి పరీక్షగా చూశాడు. దారం తెగిపోలేదు, కత్తెరతో కోసినట్టుంది. పాపం ఒంటరి మనిషి, కబుర్లకోసం వస్తున్నాడు కాబోలు అనుకున్నాడు. ఆ రోజు నుంచి విసుక్కోవడం మానేసి, ఆయన రాగానే టీ కూడా తెప్పించేవాడు.

వాయిదా ముందురోజు సాయంత్రం ఆయన చొక్కా తేలేదు. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపే కదా వాయిదా. మనసేం బాగుంటుంది మీకు? ఓ గుక్క వేసుకోండి. ఎవరికీ తెలీదు."

టైలరుకి నోరూరలేదు. ఒళ్ళు మండింది.

"ఎవడు పంపాడ్రా నిన్ను? మా బావమరిదా? నేను తాగితే రేపు కోర్టులో చెప్దామనా?"

"అది కాదండీ..."

"టీ పోసి కూర్చోబెట్టినందుకు నా కొంపకే నిప్పెడతావా? మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"

సీసా వీధిలోకి విసిరేశాడు. ఆయన్నీ మెడపట్టి గెంటేశాడు. కళ్ళజోడు కింద పడింది. ఆయన వంగి తీసుకుని, తుడిచి పెట్టుకున్నాడు. తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు టైలరు కోర్టుకి బయల్దేరుతుంటే షాపు ముందు బండి ఆగింది. పెట్టె పట్టుకుని భార్య దిగింది.

టైలరు ఒక్క అంగలో వీధిలోకి దిగాడు. "మరి వాయిదా?"

"వెళ్ళట్లేదు. లోపలికి రమ్మంటారా, వీధిలోనే నిలబెడతారా?"

వాడు పెట్టె అందుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "నా మాట నమ్మావా?"

"మీ మాటా? చాల్లెండి సంబడం! నిన్న రాత్రి ఒకాయన వచ్చి చెప్పాడు. 'ఆయన తాగే వేళ చూసుకుని రోజూ వెళ్ళి పక్కనే కూర్చున్నాను, ఒక్కనాడూ వాసన రాలేదు. ఇవాళ సీసా ఎదురుగా పెట్టినా విసిరికొట్టాడు. మీకోసమే కాచుక్కూర్చున్నాడు, వెళ్ళండి' అన్నాడు."

"కళ్ళజోడు మనిషేనా? అయ్యో, మా గుండీలాయనే! మెడపట్టి గెంటేశానే ఆయన్ని! ఎక్కడుంటాడో చెప్పు, కాళ్ళ మీద పడి వస్తాను."

"ఇంకెక్కడి ఆయన? తెల్లారే రైలెక్కి వెళ్ళిపోయాడు. ఇక ఈ ఊరు రానన్నాడు."

టైలరు స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇంకో మాట కూడా అన్నాడు" అంది భార్య మెల్లగా. "'ఆయన తాగితే బాగుండునని ఆశపడే వెళ్ళాను, తాగలేదు' అని."

"నేను తాగితే ఆయనకేం ఒరుగుతుందే? అసలెవరాయన?"

ఆమె వీధికేసి చూస్తూ చెప్పింది.

"విడాకులయ్యాక నన్ను పెళ్ళి చేసుకోవాల్సిన మనిషి."